కంప్యూటరులో కంఠస్వరము: సౌండుకార్డు పనిచేయు విధము

మాట నోటివెంట వెలువడిన మరుక్షణమున గాలిలో కలసిపోవును. లిపి పుట్టినది మొదలు మానవుడు మాటలలోని అర్థమును నిలుపుకొనగలిగెను గాని, మాటలాడినవారి కంఠమును మాత్రము నిలుపుకొనలేకపోయెను. 1877లో అమెరికా దేశపు ఎడిసన్ తగరపు రేకుపై సూదితో గాడి గీయించి, ఆ గాడి వెంటనే సూదిని మరల నడిపించి, పలికిన మాటను తిరిగి వినిపించెను. ఆ పిదప మైనపు స్తూపములు, లక్క రికార్డులు, అయస్కాంతపు టేపులు వచ్చినవి. సాధనములు మారినను పద్ధతి ఒక్కటే. ధ్వని ఏ రీతిగా ఊగునో, గాడి గాని అయస్కాంతత్వము గాని అదే రీతిగా ఊగి దానికి ప్రతిరూపమగుచుండెను.

నేడు మన ఇండ్లలోని కంప్యూటరు ఇట్టి ప్రతిరూపమును గీయదు. అది కంఠస్వరమును అంకెల జాబితాగా వ్రాసికొనును. ఈ వ్రాతపని చేయు ఉపకరణమే సౌండుకార్డు. ఉపాధ్యాయుడు తన పాఠమును, విద్యార్థి తాను నేర్చిన కీర్తనను, మనుమరాలు తన అవ్వ పాడు దంపుళ్ళ పాటను ఇంటిలోనే రికార్డు చేయుట ఈనాడు సామాన్యమైనది. కాని తీరిక చేసికొని విన్నపుడు గుయ్యిమను రొద, బొంగురుపాటు, చిటపటలు తరచుగా వినవచ్చును. అపుడు కార్డును నిందించి, దానికంటె ఖరీదైనదానిని కొని తెచ్చుట పరిపాటి అయినది. దోషము నిజముగా ఎక్కడ నున్నదో తెలియవలెనన్నచో, గాలిలోని ధ్వని అంకెగా మారు మార్గమును అడుగడుగునా పరిశీలింపవలెను. అట్లు పరిశీలించినచో ఒక ముఖ్య విషయము తేటపడును: అంకెగా మారకముందు చెడిన ధ్వని ఆ తరువాత పూర్తిగా బాగుపడదు, చక్కగా అంకెగా మారిన ధ్వని ఎన్ని ప్రతులు తీసినను చెడదు.

గాలి నుండి తీగ వరకు

ధ్వని యనగా గాలి పీడనములో కలుగు సూక్ష్మమైన హెచ్చుతగ్గులు. సముద్రమట్టము వద్ద వాయుపీడనము సుమారు 1,01,000 పాస్కలులు. ఇద్దరు ఒక మీటరు దూరములో నుండి మామూలుగా మాటలాడుకొనునపుడు ఈ పీడనములో కలుగు మార్పు సుమారు 0.02 పాస్కలు మాత్రమే. అనగా మొత్తము పీడనములో 50 లక్షలవ వంతు! ఇంత స్వల్పమైన మార్పును మన చెవి సునాయాసముగా గ్రహించుచున్నది. యంత్రముచే గ్రహింపజేయుట మాత్రము అంత సులభము కాదు.

ఈ పనికి మొదటి సాధనము మైకు. ఒక రకపు మైకులో పలుచని పొర యొకటి యుండును. దాని వెనుక అతికిన సన్నని తీగచుట్ట ఒక అయస్కాంతపు ధ్రువముల నడుమ వ్రేలాడుచుండును. గాలి ఒత్తిడికి పొర ఊగినపుడు చుట్టయు ఊగును. అయస్కాంత క్షేత్రములో తీగ కదలినచో అందులో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే కనుగొనిన సంగతి పాఠ్యపుస్తకములలో చదువుకొన్నదే. ఇట్లు పుట్టిన వోల్టేజి చాల స్వల్పము. నోటికి దగ్గరగా పట్టుకొని మాటలాడినను సామాన్యముగా ఒకటి రెండు మిల్లీవోల్టులు. మరియొక రకమైన కండెన్సరు మైకులో ఊగెడు పొర, స్థిరమైన పలక అను రెండింటి నడుమ దూరము మారుటచే విద్యుత్తు మారును. ఇట్టివి పనిచేయుటకు బయటినుండి విద్యుత్తు అందవలెను. స్టూడియోలలో వాడు కండెన్సరు మైకులకు మైకు తీగ ద్వారానే 48 వోల్టులు పంపుదురు.

మిల్లీవోల్టులతో కొలత సాగదు. కావున సౌండుకార్డులోని మొదటి భాగము వర్ధకము. ఇది మైకునుండి వచ్చిన వోల్టేజిని కొన్ని వందల రెట్లు పెంచి, ఇంచుమించు ఒక వోల్టు వరకు తెచ్చును. వర్ధకమునకు మాట ఏదో, రొద ఏదో తెలియదు. తీగలో కంఠస్వరముతోపాటు ఏది వచ్చి చేరినను దానిని కూడ అన్ని రెట్లు పెంచి ముందునకు పంపును. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ముందు ముందు దీనితో పని యున్నది.

సెకండుకు ఎన్ని కొలతలు?

వర్ధకము నుండి వచ్చిన వోల్టేజి ఎడతెగక మారుచుండును. దానిని అంకెలుగా వ్రాయవలెనన్నచో నిర్ణీతమైన వ్యవధులలో కొలిచి, వచ్చిన విలువలను వరుసగా నమోదు చేయవలెను. ఆసుపత్రిలో నర్సు రోగి జ్వరమును నాలుగేసి గంటలకొకసారి చూచి పట్టికలో వ్రాయుట వంటిదే ఈ పని. రెండు కొలతల నడుమ జ్వరము వచ్చి తగ్గిపోయినచో పట్టికలో దాని జాడ యుండదు. ధ్వని విషయములో ఇట్లు జరుగకుండవలెనన్నచో ఎంత త్వరత్వరగా కొలువవలెను?

ఈ ప్రశ్నకు సమాధానమునకు పునాది వేసినవాడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన నైక్విస్ట్. ఆయన 1928లో తంతివార్తల వేగమును గూర్చి ఆలోచించుచు ఈ మార్గము చూపెను. 1933లో రష్యా శాస్త్రజ్ఞుడు కొటెల్నికోవ్, 1949లో అమెరికా శాస్త్రజ్ఞుడు షానన్ దీనికి సంపూర్ణమైన సిద్ధాంతరూపమిచ్చిరి. సిద్ధాంతము చిన్నది. ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యము ఎంతయో, దానికి రెట్టింపు కంటె ఎక్కువ మారులు కొలిచినచో చాలును; ఆ కొలతలనుండి మొదటి తరంగమును యథాతథముగా తిరిగి నిర్మింపవచ్చును. కొలతకు కొలతకు నడుమ నున్న భాగము పోయినదని చాలమంది అనుకొందురు. అది పొరపాటు. పై షరతునకు లోబడిన తరంగము ఆ బిందువులగుండా ఒకే ఒక విధముగా పోగలదు. నడుమ మరొక వంకర తిరుగుటకు దానికి వీలు లేదు.

మానవుని చెవి సెకండుకు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వరకు వినగలదు. సెకండుకు ఒక కంపనమును ఒక హెర్ట్జ్ అందుము. కాబట్టి సెకండుకు 40,000 కంటె కొంచెము ఎక్కువ కొలతలు కావలెను. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులకు 44,100 అను సంఖ్యను నిర్ణయించిరి. ఈ వింత సంఖ్య ఎక్కడిది? ఆ కాలమున అంకెల ధ్వనిని దాచుటకు టెలివిజను బొమ్మలను రికార్డు చేయు టేపు యంత్రములను వాడుచుండిరి. బొమ్మలోని ఒక్కొక్క గీతలో మూడేసి కొలతలను ఇముడ్చుచుండిరి. సెకండుకు 60 క్షేత్రములు, క్షేత్రమునకు 245 గీతలు, గీతకు 3 కొలతలు గుణించి చూడుడు. యూరపులోని పద్ధతి ప్రకారము 50 క్షేత్రములు, 294 గీతలు, 3 కొలతలు గుణించి చూడుడు. రెండు విధములుగను 44,100 వచ్చును. చలనచిత్రములకు, వీడియోలకు 48,000 కొలతల పద్ధతి వాడుకలో నున్నది.

అయితే గాలిలో 20,000 హెర్ట్జ్‌లకు మించిన ధ్వనులు కూడ ఉండవచ్చును. మనకు వినబడవు గనుక నష్టము లేదనుకొనరాదు. సినిమాలో బండి వేగముగా ముందునకు పోవుచుండగా చక్రపు ఆకులు వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట అందరు చూచినదే. కెమేరా సెకండుకు 24 బొమ్మలు మాత్రమే తీయును. ఆకులు అంతకంటె త్వరగా తిరిగినచో లేని చలనము పుట్టుకొనివచ్చును. ధ్వనిలోను అంతే. సెకండుకు 44,100 కొలతలు తీయునపుడు 30,000 హెర్ట్జ్‌ల ధ్వని లోనికి వచ్చినచో, అది కొలతలలో 44,100 నుండి 30,000 తీసివేయగా వచ్చు 14,100 హెర్ట్జ్‌ల ధ్వనిగా వేషము మార్చుకొని కూర్చుండును. ఈ దొంగ ధ్వనిని తరువాత వేరుచేయుట అసాధ్యము. కాబట్టి కొలతకు ముందే పై పౌనఃపున్యములను ఆపివేయు జల్లెడ యొకటి కార్డులో నుండును. నేటి కార్డులు ఇంకొక ఉపాయము పన్నుచున్నవి. అవసరమైన దానికంటె 64 రెట్లు వేగముగా, అనగా సెకండుకు 28,22,400 మారులు ముతకగా కొలిచి, పిదప ఆ కొలతలను లెక్కల ద్వారా వడగట్టి, సెకండుకు 44,100 సన్నని కొలతలుగా కుదించును. అందువలన కొలతకు ముందున్న జల్లెడ సాదాదైనను పని సాగును.

మెట్లు ఎంత సన్ననివి?

ఎన్నిమారులు కొలువవలెనో చూచితిమి. ఇక ఎంత సూక్ష్మముగా కొలువవలెను? కట్టెలు తూచు కాటాతో బంగారమును తూచలేము గదా! కంప్యూటరు సంఖ్యలను 0, 1 అను రెండు అంకెలతోనే వ్రాయును. ఇట్టి ఒక్కొక్క అంకె స్థానమును బిట్టు అందురు. 8 బిట్లతో 256 మెట్లు మాత్రమే చూపవచ్చును. 16 బిట్లతో 65,536 మెట్లు, 24 బిట్లతో 1,67,77,216 మెట్లు చూపవచ్చును. వోల్టేజి రెండు మెట్ల నడుమ నున్నచో దగ్గరి మెట్టునకు సర్దవలసివచ్చును. ఈ సర్దుబాటులోని తేడాయే ఒక విధమైన రొదగా వినబడును.

ధ్వనుల తారతమ్యమును డెసిబెళ్ళలో చెప్పుదురు. కంపన పరిమితి రెట్టింపైనచో 6 డెసిబెళ్ళు పెరిగినట్లు. ఒక బిట్టు చేర్చినచో మెట్లు రెట్టింపగును. కావున ఒక్కొక్క బిట్టుకు 6 డెసిబెళ్ళ చొప్పున లాభము. ఈ లెక్కన 16 బిట్లతో అత్యధిక ధ్వనికిని సర్దుబాటు రొదకును నడుమ సుమారు 96 డెసిబెళ్ళ ఎడము దొరకును. 24 బిట్లతో 144 డెసిబెళ్ళు దొరకవలెను. కాని కార్డు పెట్టెపై 24 బిట్లని వ్రాసినంత మాత్రమున అంత ఎడము రాదు. ఏ నిరోధములోనైనను ఎలక్ట్రానులు ఉష్ణము వలన కుదురులేక కదలుచుండును. ఆ కదలికయే సన్నని రొద. దీనిని బెల్ ప్రయోగశాలలోని జాన్సన్ కొలువగా, పైన చెప్పిన నైక్విస్టే దానికి కారణమును వివరించెను. ఆ వివరణ వెలువడినది కూడ 1928లోనే. ఈ కారణముచే మిక్కిలి శ్రేష్ఠమైన వలయములు సైతము సుమారు 120 డెసిబెళ్ళ దగ్గర ఆగిపోవుచున్నవి.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. నిశ్శబ్దమనుకొన్న మన ఇంటిగదిలో కూడ సుమారు 30 డెసిబెళ్ళ సద్దు ఉండును. మైకు వద్ద కంఠస్వరము 80 డెసిబెళ్ళున్నదనుకొన్నచో, ఆ రెండింటి ఎడము 50 డెసిబెళ్ళే. 16 బిట్ల కార్డు సయితము ఇంతకంటె ఎంతో సూక్ష్మముగా కొలువగలదు. అనగా ఇంటిలో చేయు రికార్డింగునకు హద్దు గీయునది చాల వరకు కార్డు కాదు, గది.

ప్రమాద హెచ్చరిక

భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీచేయుదురు. కొలబద్ద కొసపైకి నీరు పొంగిపోయినచో, ఆ పైని ఎంత వచ్చినదో కొలబద్ద చెప్పజాలదు. సౌండుకార్డులోని మెట్లకును పై హద్దు కలదు. వర్ధకమును అధికముగా పెంచుటచే వోల్టేజి ఆ హద్దు దాటినచో, ఎంత దాటినను కార్డు చివరి మెట్టునే వ్రాయును. గుండ్రముగా ఉండవలసిన తరంగ శిఖరములు కత్తితో కోసినట్లు బల్లపరుపుగా నగును. విన్నపుడు బొంగురుగా, పగిలినట్లు ఉండును. కోసివేయబడిన శిఖరము ఎంత ఎత్తు ఉండెనో అంకెలలో లేదు గనుక, దానిని ఊహించి పూడ్చవలసినదే గాని యథాతథముగా తిరిగి తెచ్చు ఉపాయము లేదు.

రికార్డింగు చేయు సాఫ్టువేరులో ధ్వనిమట్టమును చూపు పట్టీ యుండును. అందులో చిట్టచివరి మెట్టు 0 డెసిబెళ్ళు. దానికి క్రిందివన్నియు ఋణ సంఖ్యలు. పాడువారిని పాటలో అన్నిటికంటె బిగ్గరైన చోటును పాడుమని కోరి, అపుడు పట్టీ −12 దగ్గర నిలుచునట్లు వర్ధకమును సవరించుకొనవలెను. −12 అనగా పూర్తి ఎత్తులో నాలుగవ వంతు. రెండు బిట్లు ఖాళీగా విడిచిపెట్టినట్లు. 24 బిట్లలో రెండు పోయినను 22 మిగులును. కావున 24 బిట్ల వలన నిజమైన ప్రయోజనము సూక్ష్మత కంటె నిశ్చింత అనవచ్చును. పాడువారు భావావేశముతో హఠాత్తుగా గొంతెత్తినను శిఖరము తెగదు.

కార్డు కథ

1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు కీచుమని కూయుట తప్ప మరేమియు ఎరుగదు. 1987లో కెనడా నుండి వచ్చిన ఆడ్‌లిబ్ అను కార్డు సంగీతస్వరములను కృత్రిమముగా సృష్టింపగలిగెను గాని, బయటి ధ్వనిని రికార్డు చేయలేకపోయెను. 1989లో సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ అను కార్డును వెలువరించినది. అది రికార్డు చేయగలదు గాని 8 బిట్లతోనే. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 అను కార్డుతో, 16 బిట్లు, 44,100 కొలతలు గల పద్ధతి సామాన్యుని బల్లమీదికి వచ్చినది. 1997లో ఇంటెల్ సంస్థ ఒక ప్రమాణమును ప్రకటించిన పిదప సౌండుకార్డు క్రమముగా కుదించుకొనిపోయి, కంప్యూటరు ప్రధాన ఫలకముపై ఒక చిన్న చిప్పుగా మారెను. మరియొక వైపున, యుఎస్‌బీ తీగతో తగిలించుకొను విడి పెట్టెగా బయటికి వచ్చెను. ఈ పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేసు అందురు. రూపము ఏదైనను లోపలి వరుస ఒక్కటే: వర్ధకము, జల్లెడ, అంకెలుగా మార్చు యంత్రము, తిరిగి వినుటకు అంకెలను వోల్టేజిగా మార్చు యంత్రము.

సంతలో గుసగుస

లోపలి చిప్పు, బయటి పెట్టె ఒకే విధముగా పనిచేయునపుడు బయటి పెట్టె యెందులకు? కంప్యూటరు లోపల ప్రాసెసరు సెకండుకు కొన్ని వందల కోట్ల మారులు తన స్థితిని మార్చుకొనుచుండును. విసనకఱ్ఱలు తిరుగుచుండును. విద్యుత్తు సరఫరా వలయములు క్షణక్షణమును కొట్టుకొనుచుండును. వీటి నడుమ ఒక మిల్లీవోల్టు మైకు సంకేతమును కాపాడుట సంత నడుమ నిలిచి గుసగుసను వినుట వంటిది. చేరిన రొదను వర్ధకము వందల రెట్లు పెంచునని మొదటనే చెప్పుకొంటిమి. బయటి పెట్టెలో ఈ సున్నితమైన పనియంతయు సంతకు దూరముగా జరిగి, కంప్యూటరులోనికి అంకెలు మాత్రమే ప్రవేశించును. అంకెలను సంత చెరుపజాలదు.

కంప్యూటరు వెనుక గులాబి, లేత నీలము, లేత ఆకుపచ్చ రంగుల రంధ్రములు కనబడును. గులాబిది మైకునకు, దీని వెనుక వర్ధకము కలదు. నీలముది టేపురికార్డరు వంటి వాటినుండి వచ్చు పెద్ద సంకేతమునకు. ఆకుపచ్చది వినుటకు. పాత టేపులను కంప్యూటరులోనికి ఎక్కించువారు టేపురికార్డరు తీగను గులాబి రంధ్రములో పెట్టినచో, పెద్ద సంకేతము మరల వందల రెట్లు పెరిగి తరంగ శిఖరములు తెగిపోవును. స్టూడియో మైకుల తీగలకు మూడు ముళ్ళుండును. రెండు తీగలలో ఒకే సంకేతము పరస్పరము తలక్రిందులుగా ప్రయాణించును. దారిలో చేరిన రొద రెండింటిలోను ఒకే విధముగా ఉండును. చివర ఒకదానినుండి మరియొకదానిని తీసివేసినచో కంఠస్వరము రెట్టింపగును, రొద కొట్టుడుపోవును. బీజగణితము ఎంత చక్కగా ఉపకరించినదో చూడుడు!

కడవతో నీరు మోసినట్లు

వీధి కుళాయివద్ద నీరు పట్టి ఇంటికి మోయునపుడు చుక్క చుక్కగా మోయము. కడవ నిండిన పిదప మోయుదుము. కార్డు కూడ కొలతలను ఒక్కొక్కటిగా కంప్యూటరుకు అందింపదు. 256 గాని, 1,024 గాని పోగైన తరువాత ఒక్కమారుగా అందించును. పాడువారు తమ గొంతును కంప్యూటరు గుండా తిరిగి చెవిలో వినుచు పాడునపుడు ఈ ఆలస్యము తెలియును. 256 కొలతలు నిండుటకు 5.8 మిల్లీసెకండ్లు పట్టును. ఆ వ్యవధిలో ధ్వని గాలిలో 2 మీటర్లు పోవును. కావున రెండు మీటర్ల దూరమున నున్నవారి పాట విన్నట్లు ఉండును. 1,024 కొలతలైనచో 23 మిల్లీసెకండ్లు, అనగా 8 మీటర్లు. రాకకు, పోకకు కడవలు వేరువేరు గనుక మొత్తము ఆలస్యము ఇంకను హెచ్చును, తాళము తప్పును. కడవను చిన్నది చేసినచో ఆలస్యము తగ్గును గాని, కంప్యూటరు మాటిమాటికి పరుగెత్తవలెను. అది అందుకొనలేకపోయినచో కొన్ని కొలతలు ఒలికిపోయి చిటపటలు వినబడును. కేవలము రికార్డు చేయునపుడు పెద్ద కడవయే మేలు.

ఇంటిలో రికార్డు చేయువారికి

పై విషయములనుండి కొన్ని సూత్రములు వాటంతటవే ఏర్పడుచున్నవి. మొదటిది, మైకును దగ్గరగా ఉంచుట. ఒక మీటరు దూరమున నున్న మైకును 25 సెంటీమీటర్లకు తెచ్చినచో కంఠస్వరము నాలుగు రెట్లు, అనగా 12 డెసిబెళ్ళు పెరుగును. గదిలోని సద్దు మాత్రము పెరుగదు. ఖర్చు లేకుండ ఇంతటి లాభము మరి దేనివలనను రాదు. అయితే ఊపిరి సూటిగా తగులకుండ మైకును నోటికి కొంచెము ప్రక్కగా ఉంచవలెను. రెండవది, పంఖాను ఆపి, కిటికీలు మూసి, పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గదిని ఎంచుకొనుట. బోసిగోడల ప్రతిధ్వనిని మెత్తని వస్తువులు పీల్చుకొనును. మూడవది, గుయ్యిమను రొద వినబడినచో ల్యాప్‌టాపు ఛార్జరును ఊడదీసి చూచుట. మన దేశమున గృహ విద్యుత్తు 50 హెర్ట్జ్‌లు గనుక, రొద 50, 100 హెర్ట్జ్‌లలో నుండును. ఛార్జరు తీయగనే రొద పోయినచో దోషము మైకుది కాదు, విద్యుత్తు మార్గముది. నాలుగవది, మొదటి ప్రతిని కుదింపని రూపములో దాచుట. ఒకే మైకుతో 48,000 కొలతలు, 24 బిట్ల చొప్పున గంటసేపు రికార్డు చేసినచో సుమారు 52 కోట్ల బైట్లు అగును. ఇతరులకు పంపుటకు చిన్నదిగా చేసిన ఎంపీ3 ప్రతిలో కొంత సమాచారమును శాశ్వతముగా విడిచిపెట్టుదురు. కావున అసలు ప్రతిని వేరువేరు చోట్ల రెండింటనైనను ఉంచవలెను. అంకెలు చెడవు గాని, వాటిని మోయు డిస్కులు చెడును.

పాఠశాలలో ప్రయోగములు

సౌండుకార్డు ప్రధానముగా కొలిచే యంత్రమని గ్రహించిన ఉపాధ్యాయునకు అది ప్రయోగశాలలో నమ్మకమైన పరికరమగును. ఆడాసిటీ అను ఉచిత సాఫ్టువేరుతో ఈ క్రింది ప్రయోగములు చేయవచ్చును.

256 హెర్ట్జ్‌ల శ్రుతిదండమును రబ్బరు దిమ్మపై కొట్టి మైకు వద్ద పట్టి, 44,100 కొలతల చొప్పున రికార్డు చేయుడు. తెరపై తరంగమును పెద్దది చేసి, 100 కంపనములకు ఎన్ని కొలతలు పట్టినవో చూడుడు. 17,227కు దగ్గరగా వచ్చినచో శ్రుతిదండముపై చెక్కిన సంఖ్య నిజమే. 44,100ను 100తో గుణించి, వచ్చిన కొలతల సంఖ్యతో భాగించినచో పౌనఃపున్యము తెలియును.

పెద్ద గోడకు సరిగా 35 మీటర్ల దూరమున, ఇతర గోడలు లేని మైదానములో, మైకును దగ్గర ఉంచుకొని ఒక్క చప్పట్లు చరచుడు. చప్పట్లకును ప్రతిధ్వనికిని నడుమ కొలతలు లెక్కింపుడు. 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో ధ్వనివేగము సెకండుకు సుమారు 349 మీటర్లు గనుక, 70 మీటర్ల ప్రయాణమునకు 8,845 కొలతల దరిదాపుల రావలెను. ఒక్క కొలత వ్యవధిలో ధ్వని 8 మిల్లీమీటర్లు మాత్రమే పోవును. సెకండ్ల గడియారముతో ఇంత సూక్ష్మత సాధ్యమా?

మూడవ ప్రయోగము తరగతి గదిలోనే చేయవచ్చును. ఎవ్వరును మాటలాడకుండ పది సెకండ్లు రికార్డు చేయుడు. పంఖా తిరుగుచున్నపుడు ఒకసారి, ఆపిన పిదప ఒకసారి ధ్వనిమట్టమును పోల్చి చూడుడు. నిశ్శబ్దమనుకొన్నదానిలో ఎంత సద్దు దాగియున్నదో విద్యార్థులే కనుగొందురు.

ముగింపు

రోకటిపోటుతో దంపుళ్ళు దంచు ఇండ్లు నేడు అరుదు. ఆ పాటలు వచ్చిన వృద్ధులు ఊరికి ఒకరిద్దరే మిగిలియున్నారు. పలుకుబడులు, ఉయ్యాల పాటలు, పొలముపనుల కేకలు వారి గొంతులలోనే యున్నవి. వాటిని నిలుపుటకు కావలసిన యంత్రము నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతము అందుబాటులో నున్నది. కార్డు ఈ ఏడు కాకున్న వచ్చే ఏడు ఇంతకంటె మంచిది కొనవచ్చును. ఆ గొంతు వచ్చే ఏడు దొరకునన్న నమ్మకము లేదు. కాబట్టి మంచి కార్డు కొరకు ఎదురుచూడక, ఉన్నదానితోనే మైకును దగ్గరగా జరిపి, పంఖాను ఆపి, మట్టమును −12 వద్ద నిలిపి రికార్డు చేయుట మేలు. అంకెగా మారకముందు మనము తీసికొను ఈ పాటి శ్రద్ధయే ఆ కంఠమును రాబోవు తరములకు చెడకుండ అందించును.